నాలుగు ఔన్సుల కత్తి: కెఫార్ట్ నమూనాపై విమర్శ

అడవికి వెళ్లువాడు కత్తి కొనబోయినప్పుడు మొదట దానిని అరచేతిలో ఉంచుకొని బరువు చూచును. బరువుగా ఉన్నచో గట్టిదని తృప్తిపడును. తేలికగా ఉన్నచో దుకాణదారునకు తిరిగి ఇచ్చివేయును. వంటయింటిలో ఈ లెక్క తలక్రిందులగును. ఆనపకాయను తరుగు ఇల్లాలు మందపు కత్తిని ఒక్కసారి వాడి, రెండవసారి ముట్టదు. పలుచగా, తేలికగా ఉన్న కత్తినే వెదకికొనును. ఇద్దరి పనియు కోయుటయే. అయినను ఇద్దరికిని రెండు విధములైన కత్తులు ఎందుకు కావలసివచ్చినవి? ఒకే కత్తి అడవిలో కట్టె చెక్కుటకును, అక్కడనే పొయ్యి ప్రక్కన మాంసము, రొట్టె, కూర కోయుటకును చాలదా?

చాలునని చెప్పినవారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడగు హొరేస్ కెఫార్ట్. ఇతడు 1862లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. సెంట్ లూయీ నగరములో మర్కంటైల్ గ్రంథాలయమునకు చాలకాలము అధికారిగా ఉండెను. ఆరోగ్యము, సంసారము రెండును చెడిన తరువాత 1904లో ఉత్తర కరోలినా రాష్ట్రపు పడమటి కొండలకు పోయి, గ్రేట్ స్మోకీ పర్వతముల అడవులలో ఒక చిన్న కొయ్యగుడిసెలో కాపురముండెను. 1906లో అడవి మకాములను గూర్చియు, అడవి విద్యను గూర్చియు ఒక గ్రంథమును ప్రకటించెను. అది పెరిగి పెరిగి 1916–17 నాటికి రెండు సంపుటములైనది. మధ్యలో 1910లో మకాము వంటను గూర్చి వేరుగా ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఈ సంగతి ఇచ్చట ముఖ్యము. కత్తిని గూర్చి మాటాడిన ఈ మనిషి వేటగాడు మాత్రమే కాడు, వంటవాడు కూడ. ఆ కొండలు జాతీయవనము కావలెనని కృషిచేసినవారిలో ఇతడొకడు. 1931లో మోటారు ప్రమాదములో మరణించెను, వనము 1934లో ఏర్పడెను.

అంగడిలో దొరకిన కత్తులేవియు నచ్చక, కెఫార్ట్ తన కొలతల ప్రకారము ఒక పల్లెటూరి కమ్మరి చేత కత్తి చేయించుకొనెను. ఆ కొలతలను అతడే వ్రాసి ఉంచెను. అలుగు నాలుగుంపావు అంగుళముల పొడవు, పిడియు అంతే; అనగా ఒక్కొక్కటి 108 మిల్లీమీటర్లు. అలుగు వెడల్పు ఒక అంగుళము. వెన్ను మందము అంగుళములో ఎనిమిదవ వంతు, అనగా 3.2 మిల్లీమీటర్లు. మొన వెడల్పుగా ఉండును, సూదివలె ఉండదు. అలుగు ఉక్కే పిడి చివరివరకు సాగి, రెండు కొయ్యబద్దల నడుమ రివెట్లతో బిగింపబడినది. పిడి కొయ్య గట్టిదే కాని తేలికయైనది, అడ్డుకోత అండాకారము, చివర ముప్పాతిక అంగుళము మందము, ముందునకు వచ్చుసరికి అర అంగుళము. వాదర వెనుక వ్రేలు జారకుండ పావు అంగుళపు బొడిపె ఒకటి కలదు. వెన్ను వైపున అడ్డు ఏమియు లేదు. మొత్తము బరువు నాలుగు ఔన్సులు, అనగా 113 గ్రాములు. ఆ కత్తి చూచుటకు మిక్కిలి అనాకారియని కెఫార్టే ఒప్పుకొనెను. కాని దానితో పోటీపెట్టి చూచిన ఇరువది కత్తులును కలిసి చేసిన పని కంటె అది యొక్కటియే ఎక్కువ చేసినదని అతని సాక్ష్యము.

అతనికి నచ్చనిది ఆనాడు వేటకత్తి అనగానే అందరును తలచు బౌయీ నమూనా. 1836లో అలమో కోటలో మరణించిన జేమ్స్ బౌయీ పేరున ఆ కత్తికి ప్రసిద్ధి వచ్చినది. పొడవైన అలుగు, మందపు వెన్ను, వాడి మొన. అది ముఖ్యముగా పోట్లాట కత్తి. కట్టె చెక్కుటకు, తోలు ఒలుచుటకు అది మరీ మందమని కెఫార్ట్ ఆక్షేపణ. వండుకొని తినుటకు దాని మొన మరీ సూదిగా ఉన్నదనునది అతని మరియొక ఆక్షేపణ. అనగా కత్తితోనే ముక్కను పెనములో త్రిప్పి, కత్తితోనే నోటి దగ్గరకు తెచ్చుకొను అలవాటు గలవాడు ఆ కత్తిని పరీక్షించినాడన్నమాట. వేటకత్తిని ఈ దృష్టితో చూచినవారు అరుదు.

ఇక బరువు సంగతి. ఇంత తేలికయైన కత్తితో అడవిలో ఏమి చేయవచ్చును? కెఫార్ట్ సమాధానము సూటియైనది. బరువైన కత్తి గొడ్డలి పనిచేయుననుట భ్రమ. కావున కత్తితోపాటు చిన్న చేగొడ్డలి ఒకటి ఉండవలెను. ఈ ఆలోచన అతనికి పూర్వుడైన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ నుండి వచ్చినది. సియర్స్ 'నెస్మక్' అను మారుపేరుతో 1884లో అడవి విద్యను గూర్చి పుస్తకము వ్రాసెను. జేబుకత్తి, పలుచని ఒరకత్తి, రెండువాదరల చిన్న గొడ్డలి, ఈ మూడును అతని పనిముట్లు. 1883లో అతడు పదిన్నర పౌనుల బరువు గల బుల్లి పడవను వేసికొని అడిరాండాక్ కొండల సరస్సులలో తిరిగెను. అవసరమైనచో పడవనే భుజమున వేసికొని పోయెడివాడు. కెఫార్ట్ తన గ్రంథమును ఈ నెస్మక్ స్మృతికే అంకితము చేసెను. మోసికొనిపోవు ప్రతి వస్తువును తూచి చూచుట ఈ గురుశిష్యుల మతము.

గొడ్డలి దెబ్బలోని శక్తి దాని ద్రవ్యరాశిని బట్టియు, వేగము యొక్క వర్గమును బట్టియు ఉండును. పొడవైన కామ చివర బరువైన తల ఉన్నందున గొడ్డలికి రెండును లభించును. పిడికిలికి నాలుగు అంగుళముల దూరములోనే ముగియు అలుగుకు రెండును లేవు. దాని బరువును రెట్టింపు చేసినను గొడ్డలి కాదు. మోయుటకు బరువైన కత్తి యగును, అంతే. ఈ విషయములో కెఫార్ట్ తీర్పు నూటికి నూరుపాళ్లు సరియైనది.

అయితే అతని వర్ణనలో ఒక లోపమున్నది. వెన్ను మందమును చెప్పినాడు గాని, ఆ మందము వెన్ను నుండి వాదరకు ఎట్లు తగ్గినదో చెప్పలేదు. అలుగు ప్రక్కలు వెన్ను నుండియే వాలుగా దిగినవా, లేక సగము వరకు పలకవలె చదునుగా వచ్చి అక్కడనుండి వాలినవా? కత్తి కోయుతీరు వెన్ను మందము కంటె ఈ వాలు మీదనే ఎక్కువ ఆధారపడి ఉండును. కావున కొలతలన్నియు ఇచ్చిన కెఫార్ట్ కీలకమైన కొలతనే విడిచిపెట్టినాడనవలెను.

చిత్రమేమన్న, అతడిచ్చిన బరువు నుండి ఆ లోపమును కొంతవరకు పూరింపవచ్చును. ఉన్నతపాఠశాల విద్యార్థులు కూడ చేయదగిన లెక్క ఇది. ఉక్కు సాంద్రత ఘనసెంటీమీటరునకు సుమారు 7.85 గ్రాములు. అలుగును ప్రక్కలు పలుచన చేయని దీర్ఘచతురస్రపు పలక అనుకొందము: పొడవు 10.8, వెడల్పు 2.54, మందము 0.32 సెంటీమీటర్లు. ఘనపరిమాణము 8.8 ఘనసెంటీమీటర్లు, బరువు 69 గ్రాములు. పిడి వెడల్పు ముప్పాతిక అంగుళమనియు, లోని ఉక్కు అంత వెడల్పుననే సాగినదనియు అనుకొన్నచో దాని బరువు 51 గ్రాములు. మిగిలిన కొయ్య దాదాపు 19 ఘనసెంటీమీటర్లు. గట్టికొయ్య సాంద్రత 0.7 చొప్పున 14 గ్రాములు లోపు. మొత్తము 134 గ్రాములు వచ్చినది. కాని అసలు కత్తి 113 గ్రాములే! ఇరువది గ్రాములు ఎక్కడికి పోయినవి? మొన గుండ్రని చేసినందున నాలుగైదు గ్రాములు పోవును. తక్కిన పదునారు, పదునేడు గ్రాములు అలుగు ప్రక్కల నుండియే పోయి ఉండవలెను. అది అలుగు బరువులో నాలుగవ వంతు. ప్రక్కల వాలు సరిగా సగము వెడల్పున ప్రారంభమైనచో పోవు లోహము నాలుగవ వంతే యగునని జ్యామితి చెప్పును. అనగా, పిడిని గూర్చిన అనుకోలు నిజమైనచో, కెఫార్ట్ కత్తి కనీసము సగము వెడల్పు నుండి పలుచనైన కత్తి.

సగము నుండి పలుచనగుటకును, వెన్ను నుండి పలుచనగుటకును భేదమెంత? వెన్ను నుండి అయినచో ప్రక్కల నడుమ కోణము సుమారు 7 డిగ్రీలు. సగము నుండి అయినచో 14 డిగ్రీలకు పైన. వాదర వద్ద సానపెట్టు చివరి కోణము వేరు. అది రెండింటికిని 30 డిగ్రీల ప్రాంతముననే ఉండవచ్చును. కావున కాగితము కోసి చూచినచో రెండు కత్తులును సమానముగా వాడి అనిపించును. ఉర్లగడ్డను కోయునప్పుడు గుట్టు బయటపడును.

కత్తి ఒక చీల. దుంగలను చీల్చువారు సన్నని కొనను పగులులో పెట్టి సమ్మెటతో కొట్టు ఇనుప ముక్క వంటిదే. వాదర ముందు నడచి దారి తీయును; వెనుక వచ్చు ప్రక్కలు ఆ దారిని వెడల్పు చేయును. మాంసము మెత్తనిది గనుక ప్రక్కకు తొలగును. కేరట్టు, ఉర్లగడ్డ, పచ్చి కంద తొలగవు. రెండు వైపుల నుండియు అలుగును నొక్కి పట్టుకొనును. ఆ నొక్కుడు వలన ఘర్షణ పుట్టును. కోయువాని బలములో అధికభాగము దుంపను కోయుటకు గాక, ప్రక్కల ఘర్షణను గెలుచుటకు ఖర్చగును. మరికొంత లోతు పోయినచో దుంప వాదర కంటె ముందుగానే ఫటాలున పగులును. అప్పుడు కత్తి కోయుట మాని చీల్చుట మొదలిడును. ముక్క వంకరగా వచ్చును, ఎగిరి క్రిందపడును. ఒక్కొక్కప్పుడు కత్తి జారి వ్రేలికి తగులును. మందపు కత్తి వలన వంటలో కలుగు గాయములకు ఇది ఒక ముఖ్యకారణము.

తరగతిలో దీనిని తేలికగా చూపవచ్చును. వంటయింటి తూనిక యంత్రముపై ఒక పలకను, దానిపై సగము కోసిన ఉర్లగడ్డను, కోసిన వైపు క్రిందికి వచ్చునట్లు ఉంచి, ఉపాధ్యాయుడు స్వయముగా ఒక పలుచని కత్తితోను, తరువాత ఒక మందపు కత్తితోను కోయుచు, సూచిక ఎంతవరకు పోయినదో విద్యార్థుల చేత గుర్తింపజేయవలెను. రెండు కత్తులును ఒకే రాతిపై ఒకే తీరున సానపట్టినవై ఉండవలెను. తరువాత అదే కత్తిని సూటిగా నొక్కక, ముందునకు లాగుచు కోసి చూడవలెను. సూచిక అంత దూరము పోదు. లాగుచు కోయునప్పుడు క్రిందికి నొక్కవలసిన బలము ఏల తగ్గునో 2004లో ఇంగ్లండునందు ఆట్కిన్స్ మొదలగు శాస్త్రజ్ఞులు జున్నును, సలామీ మాంసపు ముక్కలను కోసి చూచి లెక్కగట్టిరి. మన ఇండ్లలో కత్తిపీటపై వంకాయను ముందునకు త్రోయుచు కోయువారికి ఆ సంగతి చేతికి తెలిసినదే.

మరి పలుచగా చేసినచో సరిపోవునుగదా, వెన్నుకు 3.2 మిల్లీమీటర్లు దేనికి? ఇచ్చట అడవి అడ్డువచ్చును. ఒక పలక వంగక నిలుచు శక్తి దాని మందము యొక్క ఘనమును బట్టి ఉండును. మందము సగమైనచో బిగువు సగము కాదు, ఎనిమిదవ వంతగును. వంటకత్తులలో పలుచనివి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల వెన్ను గలవి. ఫ్రాన్సు దేశములో సవాయ్ ప్రాంతమున 1890 నుండి తయారగుచున్న ఒపినెల్ మడతకత్తి వెన్ను రెండు మిల్లీమీటర్లకు లోపే. రొట్టె, జున్ను, పండ్లు దానితో కోసినంత హాయిగా కెఫార్ట్ కత్తితో కోయలేము. కాని పచ్చి గట్టికొయ్యలో వాదరను దిగవేసి మణికట్టు త్రిప్పినచో అట్టి పలుచని అలుగు వంగును. కెఫార్ట్ తన కత్తిని కోరినది అట్టి పనికి కూడ. అతడు ఎంచుకొన్న మందము ఒక ఒప్పందము. అందులో కొయ్యకు కొంచెము ఎక్కువ వాటా దక్కినది, దుంపలకు కొంచెము తక్కువ.

ఈ ఒప్పందమును మెరుగుపరచు ఉపాయము కమ్మరి చేతిలో ఉన్నది. ఒక కొన బిగించి రెండవ కొనపై బరువు వేసిన దూలములో వంపు భ్రామకము బిగించినచోట అత్యధికము, బరువు వేసినచోట శూన్యము. కత్తి మొనతో పని చేయునప్పుడు అలుగు అట్టి దూలమే. కావున పిడి దగ్గర మందముగా ఉండి, మొనవైపు పోవుకొలది పలుచనగు అలుగు, బలము కావలసినచోటనే బలమును పెట్టినదగును. దాగలిపై సుత్తితో సాగగొట్టు కమ్మరికి ఇది సహజముగా వచ్చు ఆకారము; సాగదీసినకొలది లోహము పలుచనగును. ఒకే మందము గల ఉక్కురేకును అచ్చుతో కత్తిరించు కర్మాగారమునకు ఇది అదనపు పని, అదనపు ఖర్చు. చేతితో చేసిన కత్తికి ఆధిక్యము చెప్పవలసివచ్చినచో ఈ వాలును బట్టి చెప్పవలెను. సుత్తిదెబ్బలతో ఉక్కు దట్టమై గట్టిపడునని కొందరు చెప్పు మాటలో పస లేదు. కొలిమిలో కాచి ఎంత కొట్టినను ఉక్కు సాంద్రత మారదు. గట్టిదనము తరువాత పెట్టు పదను వలన వచ్చును.

తెలుగులో పదను అనునది మంచి మాట. దున్నుటకు తగిన తడి నేలకు పదను. ఇనుమునకు కమ్మరి ఇచ్చు తగుపాటి గట్టిదనమును పదనే. వాడి వేరు, పదను వేరు. సానరాయి వాడిని ఇచ్చును; పదను కొలిమిలో రావలెను. నూటికి 0.8 నుండి 1 వరకు కర్బనము గల ఉక్కును ఎర్రగా, అయస్కాంతమునకు అంటనంతవరకు కాచి, మరికొంచెము వేడిచేసి, నూనెలో చప్పున ముంచినచో అది గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసగును. దానిని మెరుగుపెట్టి మరల మెల్లగా వేడిచేయవలెను. అప్పుడు ఉక్కుపై సన్నని ఆక్సైడు పొర ఏర్పడి రంగులు చూపును: 230 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలము. సబ్బుబుడగపై రంగులు కనిపించు కారణమే దీనికిని కారణము. పొర మందమును బట్టి కాంతి తరంగములు ఒకదానినొకటి బలపరచుటయో, చెరపుటయో జరుగును. గడ్డిరంగున ఆపినచో వాదర చాల గట్టిది, కాని ఎముక తగిలినచో పెచ్చులూడును. నీలమువరకు పోనిచ్చినచో స్ప్రింగువలె వంగును, కాని త్వరగా మొద్దుబారును.

కెఫార్ట్ కోరిన పదనును గొప్ప నేర్పుతో చెప్పినాడు. పచ్చి గట్టికొయ్యను కోయునంత గట్టిగా ఉండవలెను. కాని కణుపో ఎముకయో తగిలినప్పుడు వాదర విరిగి గంటు పడరాదు, పడిన వంగవలెను. వంగిన వాదరను సానరాయి క్షణములో సరిచేయును. విరిగిన వాదరకు గంటు లోతువరకు లోహమంతయు అరగదీయవలెను. గట్టిదనమును అంకెలలో చెప్పు రాక్వెల్ పరీక్షాయంత్రమునకు అమెరికాలో 1914లో దరఖాస్తు చేసి, 1919లో పేటెంటు పొందిరి. ఆ కమ్మరికి అంకెలు లేవు, రంగులే ఉన్నవి. ఇట్టి స్వభావము గల వాదర నేటి రాక్వెల్ సి కొలతలో సుమారు 55 నుండి 57 వరకు ఉండునని అంచనా వేయవచ్చును. జపాను వంటకత్తులు చాలవరకు 60కి పైన ఉండును. అవి ఎక్కువకాలము వాడి నిలుపును, ఎముకకు మాత్రము బెదరును. మకాములో రెండవ కత్తి ఉండదు, సానపట్టువాడు రాడు. కావున ఈ విషయములో అడవికిని వంటకును తగవు లేదు. కెఫార్ట్ ఎన్నిక రెండింటికిని సరియైనదే. చేతిపనిలోని లోపమేమన్న, రంగుచూచి ఆపిన పదను ఒక్క కత్తికి అమరినట్లు రెండవదానికి అమరునను హామీ లేదు. కెఫార్ట్ కత్తి బాగుండుట ఆ కమ్మరి నైపుణ్యమునకు సాక్ష్యమే కాని, ప్రతి కమ్మరి కత్తికిని యోగ్యతాపత్రము కాదు.

పిడిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అండాకారము వలన చూడకనే వాదర ఏ వైపున ఉన్నదో చేయి ఎరుగును. కోణములు లేనందున పట్టు విశాలమై, పీడనము తగ్గి, బొబ్బలెక్కవు. వెన్నుపై అడ్డు లేనందున బొటనవ్రేలిని అక్కడ ఆనించి నొక్కవచ్చును. ఇవన్నియు మెచ్చదగినవి. కాని వంటవాడు పలకపై కూర తరుగబోయినచో ఒక చిక్కు కలదు. పిడి వెడల్పు ముప్పాతిక అంగుళము, దాని క్రింద మడచిన వ్రేళ్ల మందము ఇంచుమించు అంతే, మొత్తము అంగుళమున్నర. అలుగు వెడల్పు అంగుళమే. కావున వాదర పలకను తాకకముందే వ్రేలికణుపులు పలకను తాకును. వంటవారి పెద్దకత్తులు రెండు అంగుళముల వెడల్పున ఉండుట అలంకారము కొరకు కాదు. కెఫార్ట్ కత్తితో తరుగవలెనన్న పలక అంచున నిలిచి, పిడిని బయటికి ఉంచి తరుగవలెను. లేదా దుంపను చేతబట్టుకొని కోయవలెను. మకాములో పలక ఎక్కడిది అని అతడు అనవచ్చును. నిజమే, కాని అప్పుడు దానిని మకాము వంటకు చాలిన కత్తియనవలెను గాని, వంటయింటి కత్తియనరాదు. నేడు ఈ నమూనాను రెండింటికిని సమానముగా పొగడువారు ఈ అరంగుళము లెక్కను మరచుచున్నారు.

ఉక్కు విషయమున కాలము మారినది. షెఫీల్డులో హారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును 1913లో తయారుచేసెను. కెఫార్ట్ కత్తి సాధారణ కర్బనపు ఉక్కు. నిమ్మకాయ, టమాటో, ఉల్లి తగిలినచో మచ్చలు పడును. అరటికాయ కోసినచో నల్లబడును. కాయలోని టానిన్ ఇనుముతో కలిసి, పూర్వము సిరాగా వాడిన నల్లని పదార్థమునే పుట్టించును. ఇది విషము కాదు, కాని ముక్కల రంగు, రుచి చెడును. కడిగి, తుడిచి, నూనె రాయు ఓపిక ఉన్నవానికి ఇది పెద్ద దోషము కాదు.

పెద్ద దోషము మరియొకచోట ఉన్నది. ఈ కత్తి మెచ్చినవారెవ్వరును సాధారణముగా దానిని ఎత్తి చూపరు. అది కత్తిలో లేదు, ఒరలో ఉన్నది. కత్తి వంగినప్పుడు జారిపోకుండ పిడి ముందుభాగము కూడ ఒరలో బిగుతుగా దిగవలెనని కెఫార్ట్ ఏర్పాటు. అడవిలో నడచువానికి అది ఎంత మంచిదో, వంటకు అంత చెడ్డది. చేపనో, కోడినో కోసి గడ్డిపై తుడిచి ఒరలో పెట్టిన కత్తి తనతో నెత్తురును, క్రొవ్వును, తడిని లోనికి తీసికొనిపోవును. తోలు ఆ తడిని పీల్చి నిలుపుకొనును, గాలి ఆడదు, ఉక్కుకు తుప్పు, సూక్ష్మజీవులకు నివాసము రెండును ఒకేచోట అమరును. మరునాడు కత్తిని వేడినీట శుభ్రముగా కడిగినను, ఒరలో పెట్టి తీసిన క్షణమున మరల మైలపడును. తోలు ఒరను మరిగించి కడుగ వీలులేదు, బిరుసెక్కి ముడుచుకొనును. పచ్చిమాంసమును కోసిన కత్తితో కడుగక రొట్టె కోయరాదని నేడు ప్రతి ఆరోగ్యపాఠములోను చెప్పుదురు. ఆ పాఠము ఒరకును వర్తించును. కొయ్యబద్దలకును ఉక్కుకును నడుమ రివెట్ల చుట్టు ఏర్పడు సన్నని సందులకును వర్తించును.

కావున ఒకే కత్తి రెండు పనులకు చాలునా అను ప్రశ్నకు అలుగు వరకు అవునని, ఒర వరకు కాదని చెప్పవలెను. అలుగును వెన్ను నుండియే వాలుగా తీసి, మొనవైపు రెండు మిల్లీమీటర్లకు పలుచన చేసినచో, కెఫార్ట్ కొలతలను పెద్దగా మార్చనవసరము లేకయే దుంపల పని చాలవరకు తీరును. బరువు ఇంకను తగ్గును. ఒరను మాత్రము కడుగదగిన ప్లాస్టిక్కుతో, అడుగున నీరు కారు రంధ్రముతో చేయవలెను. ఈనాడు కొందరు కత్తులవారు అట్లు చేయుచునేయున్నారు.

ఇందుకు విరుద్ధముగా, అదే నమూనా పేరు చెప్పి వెన్నును నాలుగు, ఐదు మిల్లీమీటర్లకు పెంచినవారును ఉన్నారు. కత్తిని దుంగపై నిలిపి, వెన్నుపై కట్టెతో మోది చీల్చు అలవాటు ఈమధ్య అడవి విహారులలో ప్రబలినది; ఆ దెబ్బలకు తట్టుకొనుటకట. ఐదు మిల్లీమీటర్ల వెన్ను 3.2 మిల్లీమీటర్లదానికి దాదాపు నాలుగు రెట్లు బిగువు. సగము వెడల్పు నుండి వాలు తీసినచో ప్రక్కల కోణము 22 డిగ్రీలు దాటును. దానితో కేరట్టును కోయలేము, విరుచగలము. చేగొడ్డలిని ఇంట విడిచి, దాని బరువును కత్తిలో మోయుట తప్ప ఇందులో లాభమేమియు కనిపించదు. కెఫార్ట్ బౌయీ కత్తిపై చేసిన ఆక్షేపణ ఇప్పుడు అతని పేరు మోయుచున్న ఈ కత్తులకే తగులుచున్నది. మొన వెడల్పుగా ఉండుట ఒక్కటియే వీటిలో మిగిలిన పోలిక. పెనములోని ముక్కను త్రిప్పుటకు మాత్రము అది ఈనాటికిని పనికివచ్చును.